మైలో ప్యాంటు

నెబ్రాస్కాలోని మా ఊరికి తూటాల ఫ్యాక్టరీయే కూడుపెట్టే తల్లి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇద్దరు అన్నదమ్ములు కోడిపిల్లల్ని పొదిగించే పాత షెడ్డులో దాన్ని మొదలుపెట్టారు. షెరీఫు మనుషులు కాల్చి పారేసిన ఇత్తడి తొడుగులేరి, మళ్లీ మందు కూరి అమ్మేవారు. ఇప్పుడు ఆత్మరక్షణకు ఇంట్లో పెట్టుకునే పిస్తోలు తూటాలకు పేరుపడింది. నాది ప్యాకింగు బల్ల. ఆర్డిస్‌ది పక్కనున్న పరీక్ష గది.

ఆవిడ చేసేది ఒక రకంగా వంటే. జిలెటిన్ కాచి, మాంసమంత మెత్తని దిమ్మలుగా పోసి ఫ్రిజ్జులో పెడుతుంది. దిమ్మ ముందు, మనిషి ఒంటి మీది బట్టలకు బదులు, నాలుగు పొరల జీన్స్ గుడ్డ కట్టాక, ఆ గదిలోనే పనిచేసే కుర్రాడు రాండల్ పిస్తోలు పేలుస్తాడు. మా తూటా ముక్కున గుంట ఉంటుంది. ఒంట్లో దిగగానే అది విచ్చుకుని అక్కడే ఆగాలి. గుంటలో గుడ్డ కూరుకుపోతే విచ్చుకోకుండా దూసుకుపోతుంది. ఆ గుంటలు కొట్టే యంత్రం మీద పనిచేసినవాడు ఆర్డిస్ భర్త మైలో.

"గోడవతల పిల్లలు పడుకునుంటారే, తూటా ఆగాలి" అని భోజనాల దగ్గర కూడా అదే గోల. మా ప్రాణాలు తోడేసేవాడు.

పరీక్షకు గుడ్డ మేమే ఇళ్ల నుంచి తెచ్చేవాళ్లం, పాత జీన్స్ ప్యాంట్లు. మైలో పోయే ముందు, "నా మంచి జీన్స్ ప్యాంటు రాండల్‌కి ఇవ్వు" అని ఆర్డిస్ దగ్గర మాట తీసుకున్నాడు. చలికాలమంతా ఆవిడకు దాన్ని బీరువాలోంచి తీయడానికి చేతులు రాలేదు. మంచు కరిగాక ఒకరోజు, నేను పరీక్ష గదిలో ఉండగా, తెచ్చి అక్కడి బల్ల మీద పెట్టింది.

రాండల్ గుడ్డ నలిపి చూశాడు. "మోకాళ్ల దగ్గర పలచబడిందమ్మా. పనికిరాదు."

పచ్చి అబద్ధం. మైలో చర్చికి తప్ప వేసుకోని ప్యాంటు అది.

"నీకు అబద్ధమాడ్డం కూడా చాతకాదురా నాయనా. ఆయనకు మాటిచ్చాను. కత్తెర ఇటివ్వు."

ఒక కాలు తనే కత్తిరించి, మడిచి కట్టింది. రాండల్ పేల్చాడు. తూటా గుడ్డ అంచు చీల్చుకుపోయింది గానీ దిమ్మకు తగలనే లేదు, వెనక ఇసుకలో పడింది. రాత్రి బీరు ఎక్కువైందా అని ఎగతాళి చేయబోయాను గానీ, అతను అప్పటికే పిస్తోలు బల్ల మీద పెట్టేశాడు.

"నా వల్ల కాదమ్మా. పిస్తోలు పట్టుకోడం నేర్పిందే ఆయన."

"రెండో కాలుందిగా" అంది ఆర్డిస్. "ఇన్నేళ్లు నా వంట తిన్నాడు, ఇదో లెక్కా ఆయనకి?"

మళ్లీ కట్టి, వచ్చి రాండల్ వెనక నిలబడి, వీపు మీద చెయ్యి వేసింది. అతను పిస్తోలు తీసుకుని పేల్చాడు.

దిమ్మ కోసి చూశారు. తూటా పూర్తిగా విచ్చుకుని నడిమధ్యలో ఉంది. ఆర్డిస్ దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"ఆగిందయ్యా మైలో" అంది. "ఆగింది."

భర్త పోయాక ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.