పొట్టు తీసిన పిండి

ఆవిడ చేతిలో జల్లెడ లేని పొద్దు ఉండదు. మరలో ఆడించుకొచ్చిన గోధుమపిండిని గడప దగ్గర కూర్చుని ఒకసారి జల్లించి, మనసొప్పక మరోసారి జల్లిస్తుంది. పొట్టు పక్కింటి కోళ్ళకి, ఆకుకూర ఉడికించిన నీళ్ళు తూములోకి. "మా ఇంట్లో రొట్టెలు మల్లెపూలే వదినా" అని పక్కింటావిడతో అంటూ, ముక్కు మీది పిండి మోచేత్తో తుడుచుకుంటుంది. ఆవిడ భర్త దర్జీ. కొన్నాళ్ళుగా మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి, పిక్క పట్టుకుని పళ్ళు బిగిస్తున్నాడు. "బట్టలు కుప్పపడ్డప్పుడే మీ పిక్కలు పట్టేస్తాయేం?" అని దెప్పేది. ఆయన నవ్వేసి మళ్ళీ తొక్కేవాడు.

ఒకరోజు కాలు కింద పెట్టలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, ఒంట్లో మెగ్నీషియం తగ్గిందనీ, కండరాలు పట్టేయడానికి అదీ ఓ కారణమనీ చెప్పింది. "అది పొట్టులో, ఆకుకూరల్లో, గింజల్లో ఉంటుంది. ఇంట్లో పిండి జల్లిస్తారా?" ఆవిడ భర్త వైపు చూసింది. ఈలోగా ఆయనే అందుకున్నాడు. "అబ్బే, లేదండీ. అన్నీ పొట్టుతోనే చేస్తుంది. నేనే సరిగ్గా తినను." ఆవిడ అరచేతులు కొంగులో దాచుకుంది. ఆయన తిట్టినా బాగుండేదనిపించింది. "అబద్ధమండీ," అంది చివరికి. "రెండేసిసార్లు జల్లిస్తాను. పొట్టంతా కోళ్ళకే పోస్తున్నాను."

"కోళ్ళు బాగున్నాయా మరి?" అని డాక్టరమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. వంగి ఆయన పిక్క మీద చెయ్యి వేసి, "ఇక్కడేనా?" అని మొదటిసారి అడిగింది.