ఇడ్లీలో రాయి

మాదాపూర్‌లో కొండలను మందు పెట్టి పేలుస్తున్న రోజుల్లో, అద్దాల మేడలు లేస్తున్న చోట మాది ఇడ్లీ బండి. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ బండి దగ్గర జనం నిలబడాలి. ఒక వానాకాలం ఆ జనం పలచబడడం మొదలైంది.

కారణం ఇడ్లీలో రాయి. రోజూ వచ్చే కోస్తా ఇంజనీరు ఒకాయన దవడ పట్టుకుని, "ఏమండీ, సిమెంటు కూడా కలుపుతున్నారా?" అన్నాడు.

"గట్టిగుంటే పగటి బువ్వదాక ఆకలి కాదు సార్," అన్నాను. ఆయన నవ్వాడు. మర్నాడు రాలేదు. ఉప్పు తగ్గితే మనిషి అడుగుతాడు; రాయి తగిలితే అడగడు, పక్క బండికి పోతాడు.

ముందు బియ్యం అమ్మే షావుకారును అనుమానించాను. పోట్లాడి కొట్టు మార్చాను. తర్వాత పేలుళ్ల దుమ్మును అనుమానించి పిండి గిన్నెకు తడిగుడ్డ కట్టాను. పక్క బండివాడు ఇటు తిరిగి తుమ్మినా వాడి గుప్పిట్లో ఏముందోనని చూశాను. రాయి మాత్రం పోలేదు.

ఇక మిగిలింది రుబ్బురోలు. మా బామ్మర్ది ఆ పేలుళ్ల పనిలోనే ఉండేవాడు. పగిలిన బండొకటి ఏరి, తానే రోలుగా చెక్కి, ఆ వానలకు ముందే అక్కకు కానుకగా తెచ్చాడు. రాతిని అనుమానించడమేమిటని అన్నాళ్లూ దాని జోలికి పోలేదు. ఒక మధ్యాహ్నం అందులో ఉత్త నీళ్లు పోసి పొత్రం తిప్పుతూ కూర్చున్నాను.

"ఏందయ్యా, నీళ్లు రుబ్బుతున్నవ్? మెత్తగైనయా?" అంది నా భార్య.

ఆ నీళ్లు గ్లాసులోకి వంచి చూపించాను. అడుగున బూడిదరంగు ఇసుక. మందుకు అదిరిన రాయి లోలోపలే చిట్లి ఉంది, తిప్పినకొద్దీ రాలుతోంది.

"నీ తమ్ముడు మనతోని కొండను అమ్మిపిస్తున్నడే," అన్నాను.

ఆమె నవ్వలేదు. "నాకెరికే. దినాం రుబ్బే ముందల రెండుసార్లు కడిగి పారబోస్తున్న. వాడు మనసు పెట్టి చెక్కిండు, ఎట్ల పారేస్త?"

"మరి షావుకారుతోని కొట్లాడి వచ్చిన నాడు చెప్పకపోతివి?"

"చెప్తే బండికాడ వాన్ని అందరి ముందల నవ్వులపాలు చేస్తవ్. నీ నోరు నాకు తెల్వదా?"

గ్లాసులో నీళ్లు వాకిట్లో పారబోసి వచ్చాను.

వేరే రోలు కొన్నాం. సగం మంది తిరిగి వచ్చారు, ఇంజనీరు రాలేదు. ఇంట్లో మాత్రం ఆమె పెట్టిన ముద్దను వెంటనే నమలలేకపోయేవాణ్ని. ముందు నాలుకతో తడిమి చూసేవాణ్ని. ఆమె అది గమనించింది. అప్పటినుంచి అన్నం వడ్డించి, అటు తిరిగి కూర్చునేది.