ఇరవై రెండు గాజులు, మూడు పళ్ళు

నా జబ్బులో పోయినవి లెక్క వేస్తే ఇవి: ఒక ఓవరీ, ఇరవై రెండు మట్టిగాజులు, తొమ్మిది కిలోల బరువు, ఎవరికీ పెట్టని ఒక పేరు. మూడు పళ్ళు కూడా పోయాయి గానీ అవి నా నోట్లోవి కావు.

మాది హోసూరులో చిల్లర అంగడి. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. లెక్కలు మాత్రం అంగట్లో ఉండే రెడీ రెకనర్ చూసి నేర్చుకున్నాను. సరుకు ఎంత, ధర ఎంత అని వెతికితే మొత్తం చూపించే ఆ పుస్తకంలో సగం పేజీలు నాకు నోటికి వచ్చు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లలు లేరు. ఎనభైల మొదట్లో, నా ముప్పయ్యో ఏట, కడుపు పెరగడం మొదలైంది.

ఇంట్లో అందరికీ సంతోషం. ముట్టు అప్పుడప్పుడూ కొద్దిగా కనిపిస్తూనే ఉన్నా, "కొందరికి అట్లే ఉంటాదమ్మా" అని మా అత్త తేల్చేసింది. నేను ప్రతి శుక్రవారం టేపుతో కడుపు కొలిచి క్యాలెండర్ మీద రాసేదాన్ని. అంగుళాలు పెరుగుతున్నాయి. బిడ్డ ఎన్నిసార్లు తన్నిందో రాయడానికి పక్కన ఇంకో గడి గీశాను. అందులో వారం వారం సున్నాయే.

శ్రీమంతానికి వీధిలో పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చి, చేతికొకటి చొప్పున నాకు గాజులు తొడిగారు. బిడ్డను ఉయ్యాల్లో వేసేనాడు తల్లి తన చేత్తో వాళ్ళందరికీ తలా ఒక జత తిరిగి తొడగాలి. అది మా వీధి ఆనవాయితీ. ఆ సాయంత్రం గడిలో మళ్ళీ సున్నా రాస్తుంటే చేతుల నిండా గాజులు గలగలమన్నాయి. మొదటిసారి భయం వేసింది.

"బిడ్డ ఒక్కసారి కూడా కదల్లేదు అత్తా" అన్నాను.

"నీ మొగుడూ అంతే. కడుపులో కదల్లేదు. పుట్టినాక మాత్రం కదిలినాడా?"

మా ఆయన బియ్యం మూట మీద కూర్చుని ఉన్నాడు. "నన్నెందుకు లాగుతావమ్మా" అన్నాడు, కదలకుండానే.

నాలుగో రోజు కందిపప్పు తూస్తుండగా కుడివైపు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి కూలబడ్డాను. మా ఊరి డాక్టరు చూసి, "ఇది కాన్పు నొప్పి కాదు, కృష్ణగిరికి తీసుకుపోండి" అన్నాడు. అద్దె కారులో సూళగిరి దాటేలోపల రెండుసార్లు వాంతి అయింది.

కృష్ణగిరి ఆస్పత్రిలో డాక్టరమ్మ యూరిన్ టెస్ట్ చేయించి, ఎక్స్‌రే తీయించి, ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూపించింది.

"గర్భం కాదమ్మా. ఓవరీలో గడ్డ. డెర్మాయిడ్ సిస్ట్ అంటాము. అది మెలిపడింది. ఇవిగో చూడు, పళ్ళు."

లెక్కపెట్టాను. మూడు.

"ఎవరివి?"

"నీ ఒంట్లో మొలిచినవే."

"రెండో ఓవరీ ఉంటుందా డాక్టరమ్మా?"

"తెరిచి చూడాలి. బాగుంటే ముట్టుకోను. బిడ్డ పుట్టడానికి ఒకటి చాలు."

మత్తు ఇచ్చేదాకా నా లెక్కంతా ఆ ఒక్కదాని గురించే.

ఆపరేషన్‌కు గాజులు తీయాలి. నర్సు సబ్బు రాసి లాగింది. చేతులు ఉబ్బి ఉండడంతో ఒక్కటీ రాలేదు. గుడ్డ చుట్టి ఒక్కొక్కటే చిట్లించింది.

"ఏడవొద్దమ్మా."

"ఏడవడం లేదు, లెక్కపెడుతున్నాను" అన్నాను. నిజానికి రెండూ చేస్తున్నాను.

మెలకువ రాగానే అడిగాను, "ఎన్ని ఉన్నాయి?" "ఒకటి ఉంది. బాగుంది" అంది డాక్టరమ్మ. మళ్ళీ నిద్రపోయాను.

చిక్కు మరునాడు వచ్చింది. తీసిన గడ్డలో పళ్ళతో పాటు జడకు సరిపడా జుట్టు ఉందట. అది మా అత్త చూసింది. "పండ్లూ ఎంటికలూ కడుపులోకి యాడనుంచి వస్తాయి? గాజులు తొడిగిన పదకొండు మందిలో ఎవురో చేతబడి చేసినారు" అని మంచం పక్కనే వేళ్ళు మడిచి ఒక్కొక్కరి పేరూ తీయసాగింది. నాకు కుట్ల నొప్పి కంటే అది ఎక్కువైంది. రేపు ఆ వీధిలోనే కదా బతకాలి.

డాక్టరమ్మ వింది. "అంగడివాళ్ళు కదా, రెడీ రెకనర్ తెలుసా?" అని అడిగి, మంచం అంచున కూర్చుంది.

"ఒంట్లో ప్రతి సెల్‌లోనూ ఒకే పుస్తకం ఉంటుంది. అందులో పేజీలే జీన్స్ అనుకోండి. కంటి సెల్ తనకు కావలసిన పేజీలే తెరుస్తుంది, చర్మం సెల్ తనవి. మిగతావి మూసే ఉంటాయి. పిండం మొదలైనప్పటి సెల్స్ మాత్రం ఏ పేజీ అయినా తెరవగలవు. ఏది ఎప్పుడు తెరవాలో పక్క సెల్స్ నుంచి కబురు అందుతుంటుంది. ఆ వరసలో బిడ్డ తయారవుతుంది. ఈమె ఓవరీలో ఒక అండం, మగవాడి సెల్ కలవకుండానే, తనంతట తాను పెరగడం మొదలుపెట్టింది. జుట్టు పేజీ తెరిచింది, పంటి పేజీ తెరిచింది. వరస లేదు. అందుకే బిడ్డ కాలేదు, గడ్డయింది."

"ఆ పేజీలు తీసేదీ మూసేదీ ఏది?" అన్నాను.

"కొంతవరకే తెలుసమ్మా. నీకే ఎందుకు ఇట్లా అయిందో నాకూ తెలియదు."

మా అత్త అందుకుంది. "అంటే బుక్కు మంచిదే, తిప్పినదానికే తిక్క."

"అంతే పెద్దమ్మా. ఇందులో పదకొండు మందికి పని లేదు."

అత్త మడిచిన వేళ్ళు విప్పేసింది.

ఐదో రోజు కుట్లలో చీము పట్టి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఇంజెక్షన్లు. బయాప్సీ రిపోర్టు పది రోజులకు వచ్చింది: క్యాన్సర్ కాదు. ఇంటికి బయలుదేరేటప్పుడు గాజులు చిట్లించిన నర్సే తన చేతుల నుంచి రెండు ఆకుపచ్చ గాజులు తీసి నాకు తొడిగింది. "బోసి చేతులతో పోకూడదు. బిడ్డను ఎత్తుకొనొచ్చి నాకు తిరిగి తొడుగు" అంది.

రెండేళ్ళకు మళ్ళీ కడుపు పెరిగింది. ఈసారి తన్నుల గడిలో ఒక్కరోజే పధ్నాలుగు రాశాను. ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల నాడు పదకొండు మందికీ తలా రెండు జతలు తొడిగాను, పాత శ్రీమంతం బాకీ ఒకటి, ఈసారిది ఒకటి. ఇప్పుడు నా కూతురికి ఆరేళ్ళు నిండి పళ్ళు ఊడుతున్నాయి. పోయిన వారానికి సరిగ్గా మూడు. మా అత్త వాటిని డబ్బాలో దాచి, "ఇవి యాడ మొలవల్లనో ఆడే మొలిచినాయి" అని అందరికీ చూపిస్తోంది.

చదివే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కడుపు పెరుగుతూ, ఐదో నెల దాటినా బిడ్డ కదలిక తెలియకపోతే, ఎవరు సర్దిచెప్పినా ఆగకుండా డాక్టరుకు చూపించుకోండి. నేను సున్నాలు రాశాను గానీ ఎవరికీ చూపించలేదు. అదే నా తప్పు.

బిడ్డను ఎత్తుకుని కృష్ణగిరికీ వెళ్ళాను. ఆ నర్సుకు బదిలీ అయిందన్నారు, ఏ ఊరికో చెప్పలేకపోయారు. ఆమెకని కొన్న గాజులు అట్లాగే పెట్టెలో ఉన్నాయి. ఈరోజు వరకూ నేను తీర్చాల్సినవి: ఆకుపచ్చ గాజులు, రెండు.