కుడి రెక్కలో డొల్ల

ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే ముల్లు కూడా కదలదు. అది ఒక గుంత. అరచెయ్యి వెడల్పున థర్మాకోల్ కరిగిపోతే మిగిలిన ఖాళీ. ఖాళీకి బరువేంటి అంటారేమో. మోసి చూడండి.

ముందు నా సంగతి చెప్పాలి. మా వైపు ఊళ్ళలో నవ్వించేవాడు కావాలంటే నన్ను పిలుస్తారు. పెళ్ళిళ్ళకు వంటవాళ్ళతో పాటే కబురు చేస్తారు. చావులకు మాత్రం కాస్త ఆలస్యంగా రమ్మంటారు. ఏడో తరగతిలో బడిని నేను వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో ఇద్దరికీ గుర్తు లేదు. కాబట్టి రాతలో తప్పులుంటే చూసీచూడనట్టు పోండి. చేసిన తప్పును మాత్రం అలా వదలకండి.

సోలార్ పార్కు రాకముందు పావగడలో ఒక పెయింటింగ్ షాపులో ఉండేవాణ్ణి. లారీల వెనక పేర్లు రాసేవాణ్ణి, ట్రాక్టర్ ట్రాలీల మీద పూలు వేసేవాణ్ణి. పార్కు వచ్చాక ప్యానెళ్ళు కడిగే పనిలో చేరాను. తెల్లవారుతుండగా మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఆ తర్వాత పొద్దంతా ఖాళీ. మా విమానం ఆ ఖాళీలోనే పుట్టింది.

దానికి తండ్రి నరసింహప్ప. క్యాతగానచెర్లు ఆయనది. మా ప్లాంటులో ఎలక్ట్రీషియన్, డిప్లొమా చదివినవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు బెంగళూరులో యుద్ధ విమానాల ప్రదర్శన చూడటానికి మెడ పైకెత్తినవాడు, ఇంకా దించలేదు. మూడోవాడు ఓబులేసు, పార్కు వల్లూరు గేటు దగ్గర సెక్యూరిటీ. నా ఈడువాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. కంచె ఆ చివర మేక తోక ఆడించినా ఈ చివర నుంచి చెప్పేవాడు. ఆ చూపు వల్లే వాడికి ఆ ఉద్యోగం.

నరసింహప్ప ఇంటి పక్కన శనక్కాయల గోదాము ఉంది. పొలమంతా ప్యానెళ్ళ కిందికి పోయాక అందులో వేయడానికి కాయలు లేవు. పొట్టు వాసన మాత్రం మిగిలింది. అక్కడే కూర్చుని అప్పటికి రెండు ఫైటర్లు చేశాం. రెండూ చిన్నవి, బల్ల మీద పెట్టి చూసుకునేవి. మూడోది ఎగరాలన్నాడు నరసింహప్ప. త్రికోణపు రెక్కలది, అసలు విమానంలో సరిగ్గా పదో వంతు. నాలుగడుగుల పైనే పొడవు. ఇన్వర్టర్ల పెట్టెల్లో వచ్చిన థర్మాకోల్ పలకలు, లోపల వెదురు బద్దలు, వెనక ఒక మోటారు, చేతిలో రిమోటు. ఆయన కొలతలు గీసేవాడు. ఓబులేసు వేడి తీగతో థర్మాకోల్ కోసేవాడు. రంగు నాది.

అసలు విమానానికి ముక్కు కొసన సన్నటి కడ్డీ ఉంటుంది. గాలి వేగం కొలుస్తుందట. ఓబులేసు ఒక సైకిల్ స్పోకు తెచ్చి, కొస అరగదీసి, మెరుగుపెట్టి, అక్కడ బిగించాడు. ఎందుకురా అంటే, "ఇది లేకుంటే ఫైటర్ యాడయితాది బావా? బాతయితాది" అన్నాడు.

నరసింహప్పది ఒకటే నిబంధన. నీళ్ళలో కలిపే రంగే వాడాలి, కుంచెతోనే వేయాలి. స్ప్రే డబ్బా గోదాము గడప దాటకూడదు. అందులోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. ఈ సంగతి నాకు తెలియదని తప్పించుకోలేను. రంగుల షాపులో పనిచేసినవాణ్ణి. ఆయనకంటే ముందే నాకు తెలుసు.

మరి ఎందుకు చేశాను?

ఒకరోజు ఆయన నేను రంగు వేసిన ఎడమ రెక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "గోడకు సున్నం కొట్టినట్లుండాది కదప్పా" అన్నాడు. ఓబులేసు పడీపడీ నవ్వాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. కానీ లోకాన్నంతా ఆటపట్టించేవాడికి తన మీద పడిన ఒక్క మాట అరగదు. ఆ మాటనే రెండు రోజులు నెమరేశాను. లారీల మీద నేను వేసిన రంగులో మొహం చూసుకోవచ్చు. ఈయన నన్ను సున్నం కొట్టేవాణ్ణి చేశాడు. ఇంత చిన్నదా కారణం అని మీరు అడుగుతారు. నేనూ అడుగుతూనే ఉన్నాను. ఇంతకంటే పెద్దది దొరికితే కొంచెం గౌరవంగా ఉండేది. దొరకలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ డ్యూటీలో ఉన్నారు. వచ్చే ఆదివారం ఎగరేయాలని అనుకున్నాం. గోదాములో నేనొక్కణ్ణే. సంచిలోంచి బూడిదరంగు స్ప్రే డబ్బా తీశాను. కుడి రెక్క అడుగున, ఒంటికి అతుక్కునే మొదట్లో, ఎవరూ చూడని చోట ఒక్క బెత్తెడు కొట్టి చూద్దామనుకున్నాను. పలచగా కొడితే ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ముందు చాలా బాగా వచ్చింది. మూడు నాలుగు క్షణాలు అది అసలు విమానమే. ఆ తర్వాత చిరచిరమని చిన్న శబ్దం మొదలైంది. తెల్లటి ఒళ్ళు కుంగింది, ముడతలు పడింది, నోరు తెరిచింది. ఊదాను, గుడ్డతో తుడిచాను. తుడిచిన కొద్దీ లోపలికి పోయింది. ఆగేసరికి అరచెయ్యంత గుంత. దాని మధ్యలో రెక్కను మోసే వెదురు బద్ద చిగుళ్ళు జారిన పన్నులా బయటికి కనబడుతోంది. రెక్కంతా దాని మీదే ఆధారం. దాన్ని పట్టుకోవడానికి చుట్టూ ఏమీ మిగల్లేదు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? కొత్త రెక్క కోయాలి, పది రోజులు ఆలస్యం. నాలుగు తిట్లు. ఓబులేసు ఆ నెలంతా నన్ను ఏడిపించేవాడు. అంతే.

నేను చెప్పలేదు. పాత న్యూస్ పేపరు ఉండలు చుట్టి మైదా బంకలో ముంచి గుంతలో కుక్కాను. పైన పొరలు పొరలుగా కాగితం అంటించాను. ఎండలో పెట్టి ఆరాక గరుకు కాగితంతో రుద్దాను. నీళ్ళ రంగే, కుంచెతోనే, ఊపిరి బిగబట్టి వేశాను. నా జన్మలో అంత నున్నగా ఏ పనీ చేయలేదు. మర్నాడు నరసింహప్ప సరిగ్గా ఆ చోటనే అరచెయ్యి పెట్టి నిమిరాడు. "ఇదప్పా పనంటే! ఎడమదీ ఇట్లే చెయ్యి" అన్నాడు. ఎడమ రెక్కకు మళ్ళీ రంగు వేస్తూ కూర్చున్నాను.

శనివారం తూచి చూస్తే విమానం కుడివైపు ఒరిగింది. బంక బరువు. ఆయన అరగంట ఆలోచించి, ఎడమ రెక్క కొసలో ఒక చిన్న మేకు గుచ్చి సరిచేశాడు. నా అబద్ధాన్ని ఆయన చేతులే సమతూకం చేశాయి. అది చూస్తూ టీ తాగాను.

ఆదివారం ఉదయం అరసికెరె వైపు, కాయలు పీకేసిన ఒక చేనికి పోయాం. గాలి పెద్దగా లేదు. దూరంగా ప్యానెళ్ళు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. నరసింహప్ప మోకాళ్ళ మీద కూర్చుని రెక్కలను వేలితో తట్టాడు. ఎడమది టక్కుమంది. కుడిది మెత్తగా పలికింది. మళ్ళీ తట్టాడు.

"ఏందప్పా, దీని శబ్దమే వేరేగా వస్తాండాది?" అన్నాడు నా వైపు చూసి.

"ఎడమది మొగుడన్నా, కుడిది పెండ్లాము. ఇద్దరూ ఒకే మాట మాట్లాడితే అది సంసారమెట్లయితాది?" అన్నాను.

ఓబులేసు నవ్వాడు. నరసింహప్ప కూడా నవ్వాడు కానీ వేలు అక్కడి నుంచి తీయలేదు. "తమాషా కాదప్పా. లోపల ఏమన్నా అయి ఉంటే చెప్పు. ఈ పొద్దు కాకుంటే ఇంకో ఆదివారం ఎగరేస్తాము. మనల్నెవురు తరుముతా ఉండారు?"

తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు ఆయన. ఒక్క అడుగు వేస్తే చాలు. నాకు ఇప్పటికీ ఆయన కళ్ళు కనబడతాయి. కోపం లేదు, అనుమానం కూడా లేదు. నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాయి.

"అన్నా, నువ్విట్ల జోకొడతా ఉంటే అది ఎగరదు, నిద్దరపోతాది" అన్నాను.

"ఇట్లియ్యన్నా, మా బావ అలిగేలోపల ఎగరేస్తా" అని ఓబులేసు విమానాన్ని అందుకున్నాడు.

వాడు పరుగెత్తి విసిరాడు. లేచింది. ఆ లేవడం చూసి నేను అన్నీ మరిచిపోయాను, నిజంగా. ఒక చుట్టు. రెండో చుట్టు. మొదట చప్పట్లు కొట్టింది నేనే. ఏమీ కాలేదు, ఏమీ కాదు, నా బంక గట్టిదే అనుకున్నాను. మూడో చుట్టులో నరసింహప్ప రిమోటుతో దాన్ని మా వైపు తిప్పాడు. ఎండుకట్టె విరిగినట్టు ఒక శబ్దం. కుడి రెక్క పుస్తకం మూసినట్టు పైకి ముడుచుకుంది. విమానం ముక్కు కిందికి పెట్టింది. దాని కింద ఓబులేసు. తల పైకెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. మేక తోకను కనిపెట్టే కళ్ళకు ఎండలోంచి వస్తున్నది కనబడలేదు.

నేను అరవలేదు. జీవితమంతా నా నోట్లోంచి మాట ముందు వచ్చేది, ఆలోచన తర్వాత వచ్చేది. ఆ రోజు ఏ మాటా రాలేదు.

ఆ స్పోకు వాడి ఎడమ కంట్లోకి దిగింది.

ఒక టెంపోను ఆపి, నరసింహప్ప వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని పావగడ ఆస్పత్రికి బయల్దేరాడు. "మీరు పోండన్నా, నేను ఇవన్నీ ఎత్తుకొని వస్తా" అన్నాను. వాళ్ళు వెళ్ళాక కుడి రెక్క దగ్గరికి పోయాను. గుంత తెరుచుకుని ఉంది. పేపరు ఉండ ఒకటి నేల మీద దొర్లుతోంది. దాన్నీ, రెక్కనూ ఎండు శనక్కాయ కట్టెలో పెట్టి కాల్చేశాను. నల్లటి పొగ లేచింది. ఎవరైనా చూస్తారేమోనని నాలుగు దిక్కులూ చూశాను. అటు నా స్నేహితుడి కన్ను పోతుంటే, ఇటు నేను పొగ ఆరిందా లేదా అని చూస్తున్నాను. రెక్కకు చేసినది తప్పు. ఇది ఏమిటి? దీనికి నా దగ్గర పేరు లేదు.

కన్ను దక్కలేదు. గేటు ఉద్యోగానికి రెండు కళ్ళూ కావాలన్నారు. ఓబులేసు ఇప్పుడు గొర్రెలు కాస్తున్నాడు. స్పోకు పెట్టింది వాడే కదా అని చాలాకాలం నాలో నేను వాదించాను. స్పోకు లేకపోతే దెబ్బతో పోయేది కదా, అసలు కింద నిలబడమన్నదెవరు? ఇలాంటి వాదాలు ఎన్ని కావాలన్నా అల్లగలను. ఒక్కటీ రెండు రోజులు నిలవదు.

నరసింహప్ప ఆస్పత్రి వరండాలోనే వాడి కాళ్ళు పట్టుకున్నాడు. "మలుపు ఎక్కువ తిప్పినాను రా, నా చెయ్యే తప్పింది" అని ఏడ్చాడు. అప్పటి నుంచి ఓబులేసు ఆయనతో మాట్లాడడు. ఎదురుపడితే గొర్రెలను పక్క దారిలోకి తోలుతాడు. నాతో మాత్రం, "బావా, నువ్వన్నా ఉండావు కాబట్టి నగుతా ఉండాను" అంటాడు.

ఒకసారి చెప్పబోయాను. టీ అంగడి ముందు, పట్టపగలు, "నీ కన్ను తీసింది నేనేరా" అన్నాను. వాడు గ్లాసు చేతిలో పెట్టుకుని నన్ను చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. "నీ మొగానికి అంత సీను యాడిది బావా!" అన్నాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. కాదురా నిజం అని ఇంకొక్క మాట అని ఉంటే సరిపోయేది. నేను కూడా నవ్వేశాను. నిజాన్ని జోకుగా అమ్ముకున్నాను ఆ రోజు.

నరసింహప్ప సంగతి ఇంకా ఘోరం. ఆయన లెక్కలు వేస్తున్నాడు. బరువు ఇంత, వేగం ఇంత, మలుపు ఇంత, రెక్క ఎందుకు విరిగింది? నోటు పుస్తకాలు నిండిపోయాయి. ఆదివారాలు మా ఇంటికి వచ్చి, ఏడో తరగతి దాటని నా ముందు వాటిని పరుస్తాడు. "ఆ వేగానికి విరగకూడదప్పా. నేను యాడ తప్పినానో దొరకలేదు, నువ్వొకసారి చూడు" అంటాడు. నేను పేజీలు తిప్పుతాను. పోయిన నెల ఎలక్ట్రీషియన్ పని మానేసి స్టోరు గదికి మార్పించుకున్నాడు. తన కొలతలు నమ్మి ఇంకొకడు వైరు ముట్టుకోవడం తనకు ఇష్టం లేదట. ఆ మాట విన్నాకే ఈ కాగితాలు తెచ్చుకున్నాను.

ఎందుకంటే ఆయన మనసులో విరుగుతున్నది ఏమిటో నాకు తెలుసు. దాన్నీ లోపల నుంచి తింటున్నది నేనే.

ఎల్లుండి ఆదివారం. ఆయన వస్తాడు. నోటిమాటగా చెబితే నా నోరు మధ్యలోనే పక్కకు తిరుగుతుంది, నాకు దాని మీద నమ్మకం లేదు. అందుకే రాశాను. ఈ కాగితాలు ఆయన చేతికి ఇచ్చి, చదివినంతసేపూ ఎదురుగానే కూర్చుంటాను. ఆ తర్వాత ఇద్దరం ఓబులేసు దగ్గరికి పోవాలి. ఆయన నాతో వస్తాడో, నన్ను గడప దాటనివ్వకుండా కొడతాడో తెలియదు. క్షమించమని అడగను. అడిగితే అదీ ఒక తప్పించుకోవడమే అవుతుంది. ఓబులేసు ఎడమ పక్క ఎప్పటికీ చీకటే.

కానీ ఆయనకంటే ముందు, నన్ను ఎరగని మీరు ఇక్కడిదాకా చదివారు. నవ్వి ఉండరు. ఈ విషయం నేను చెప్పగా ఒక మనిషి నవ్వకుండా వినడం ఇదే మొదటిసారి. ఛాతీ మీద నుంచి ఎవరో లేచి, పక్కన కూర్చున్నట్టుంది.