సగం కోసిన అంగూరు పందిరి

మా శంషాబాద్‌ల ఇప్పుడు ఎవరిని కదిలించినా ఎయిర్‌పోర్టు, ప్లాట్లు, హోటళ్ళు అంటరు. ఇక్కడ ఒకప్పుడు అంగూరు తోటలుండె అంటే వాడకట్టు పిల్లలు నవ్వుతరు. నవ్వినోళ్ళను నేను మా పక్కింటి కుర్మన్న దగ్గరికి తోలుకపోత. ఆయన కుడిచెయ్యి చూపిస్తడు. కత్తెర పట్టి పట్టి బొటనవేలు మొదట తోలు చింతగింజ లెక్క గట్టిపడ్డది. ఇప్పుడు ఆ చెయ్యి వణుకుతది.

మీసాలు రాకముందు నుంచి ఆయన కటింగ్ మనిషి. దసర అయినంక అంగూరు తీగెను దయలేకుంట కోస్తెనే శివరాత్రికి గుత్తులు దిగుతయ్. కోయకపోతే ఉత్త ఆకులే. గుత్తులను బుట్టలకెత్తే ఆడోళ్ళల్ల సత్తెమ్మ ఒకతె, ఆమెనే చేసుకున్నడు. సరుకు లారీలల్ల మొజంజాహి మార్కెట్‌కు పోతుండె. తర్వాత బోర్లు ఎండినయ్, తెగులు తగిలింది, భూమి రేటు లేసింది, తోటాయన అమ్ముకున్నడు. పందిళ్ళను మోసిన రాతి కడీలు ఇప్పుడు ప్లాట్లకు హద్దురాళ్ళు.

తోట పీకేటప్పుడు కుర్మన్న నాలుగు కొమ్మలు తడి గోనెల చుట్టి తెచ్చి ఇంటెనక పెట్టుకున్నడు. ఆ జాగ రోడ్డు వెడల్పుల పోయింది. అప్పటికే జోగారావు గారి ఫంక్షన్ హాల్‌ల మాలి పనికి కుదిరిండు గనుక, మళ్ళ కొమ్మలు తీసి అక్కడ నాటిండు.

జోగారావు గారు కోస్తా నుంచి వచ్చినాయన. చెడ్డ మనిషి కాదు. కాకపోతే తీగె అంటే ఆయనకు పచ్చదనమే. పెండ్లి జంటలు ఆ పందిరి కింద ఫోటోలు దిగుతరు. దసర దాటితే ముహూర్తాలు, కటింగ్ గూడ గప్పుడే. అందుకని మూడేండ్లు కత్తెర ముట్టనియ్యలే. మూడేండ్లు ఒక్క కాయ కాయలే.

పోయిన దసరకు అడిగిన: "ఈసారన్నా కోస్తవా, అన్నా?"

"కోస్తె పని పోతది చెల్లె. షుగర్ గోళీలు ఎవలు కొంటరు?" అన్నడు. "ఒక్క కాపు కండ్ల చూడాలె. ఈ చేతులు ఇంక ఎన్నో ఏండ్లు ఆగేటట్టు లేవు."

వారం తిరగకముందే హాల్ కాడ లొల్లి. నేను ఇంట్ల కూసుంటనా? పొయ్యి బంద్ చేసి పోయిన. ఫోటోలకు కనవడే ముందర సగం పచ్చగ ఉంచి, గోడవైపు సగం కోసి పారేసిండు కుర్మన్న.

"ఏమయ్యా కుర్మయ్యా! సగం గుండు గీసినట్టుంది కదయ్యా! ఎల్లుండి పెళ్ళి. ఆడపెళ్ళివారికి ఏం చెప్పమంటావు?" అని జోగారావు గారు తల పట్టుకున్నడు.

"మొక్కు తీరిందని చెప్పుండ్రి సార్," అన్న నేను.

"మీరు కాసేపు ఊరుకోండమ్మా!"

కుర్మన్న కిందవడ్డ కొమ్మలు ఏరుతున్నడు. పనిల నుంచి తీసెయ్యలే గని, బేగంబజార్ నుంచి ప్లాస్టిక్ ఆకులు తెప్పించి ఆయనతోనే కట్టించిండ్రు. నిచ్చెన ఎక్కి, తను కోసిన కొమ్మలకు తనే ప్లాస్టిక్ ఆకులు కట్టిండు. పెండ్లిళ్ళ సీజన్ అయినంక తీగె నొవ్వకుంట ఒక్కొక్క ముడీ విప్పిండు.

శివరాత్రి దగ్గరికి ఆ గోడవైపే గుత్తులు దిగినయ్. ఎన్నో కావు గని కాయ పెద్దగ, పాలరంగుల. సత్తెమ్మ, నేను పోయి చూసినం. సత్తెమ్మ ఒకటి తెంపి నోట్లేసుకొని మొఖం చిట్లించింది.

"పులుపు."

"ఇంకో పది రోజులు ఆగాలె. నీకు బుట్ట మోసిననాటి నుంచీ తొందరే," అన్నడు కుర్మన్న. ఆయన నవ్వంగ చాన రోజులకు చూసిన.

ఆ పది రోజులు ఆగలే. నడుమ ఒక రిసెప్షన్ వచ్చింది. దానికొచ్చిన చుట్టాలు ఫోటోల కోసం అందినకాడికి తెంపి, కొరికి, పుల్లగున్నయని కిందనే ఊసిండ్రు. తెల్లారి కుర్మన్న పేపర్ ప్లేట్లతోపాటు వాటినీ ఊడ్చిండు. పొద్దుమూకి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డడు.

నాకు మనసు ఆగలే. "బాధ కాలేదా, అన్నా?"

"అయితది. కాసింది గద," అన్నడు, వేళ్ళు ఒత్తుకుంట.

"వచ్చే దసరకు కోస్తవా మరి?"

"సగం కోస్తెనే గిన్ని దిగినయ్ చెల్లె. మొత్తం కోస్తె..."

"మొత్తం కోస్తె నీ సారు నీ నౌకరి కోస్తడు," అని లోపటి నుంచి సత్తెమ్మ. "గోళీ ఏసుకొని బువ్వ తినుపో."

ఆయన గోడ పట్టుకొని మెల్లగ లేసిండు. లోపటికి పోతపోత వేళ్ళ మీద దసరకు ఇంక ఎన్ని నెలలో లెక్కపెట్టుకున్నడు.