తీర్థం తాగని ఇద్దరం

నీళ్లు కొనుక్కొని తాగే కాలం వస్తదని మా అవ్వకు ఎవరన్న చెప్పి ఉంటే, వాని నెత్తి మీద బొక్కెన బోర్లిచ్చేది. నేను ఆమె బిడ్డనే. అందుకే మా ఊర్లె వాటర్ ప్లాంట్ పెట్టి ఇంటింటికి క్యాన్లు దింపిన నాడు, ఆ ఆటోను నా వాకిట్లకు రానియ్యలే. మా గల్లీ చివర బోరింగు ఉంది, కొట్టేటందుకు నా రెక్కలున్నయి. పిసినారిది అన్నరు. అననియ్యి.

ఆ ప్లాంట్ పెట్టిచ్చింది మా ఊరి లీడరు. నాకు బావ కొడుకు వరుస, నన్ను చిన్నమ్మా అంటడు. సర్పంచ్ ఓట్లు దగ్గర పడ్డయని గుడి పక్కపొంటి కట్టిచ్చిండు. ఉత్త నీళ్లయితే ఎవరన్న ఇస్తరు, ఈయన ఇచ్చేటియి వేరే అనిపిచ్చుకోవాలె గద. గందుకని శనివారం శనివారం దేవునికి అభిషేకం చేసిన పాలు, పెరుగు, తేనె బిందెలకెత్తి ప్లాంట్ మీది ట్యాంకిల పోయిచ్చేటోడు. నీళ్లను కడిగే మిషను ముందు, ఆ ట్యాంకి తర్వాత. అంటే మిషను కడిగి పంపిన నీళ్లల్ల వీళ్లు మళ్ల పాలు కలిపిండ్రు. ఇంత తెలివి ఇంకే ఊరికన్న ఉన్నదో లేదో నాకు తెల్వది. ఊరంత తీర్థం తాగుతున్నదని మైకుల చెప్పుకున్నడు. క్యాన్ మీద దేవుని బొమ్మ ఒకటి, లీడరు బొమ్మ ఒకటి. ఏది పెద్దగున్నదో నేను చెప్పే పని లేదు.

వానకాలం చివర్ల ఊర్లె వాంతులు, మోషన్లు మొదలైనయి. ఏవో కొన్ని ఇండ్లు తప్ప ఇంటికొకరు మంచం పట్టిండ్రు. చిట్యాల దవాఖానకు ఆటోలు పోవుడు, సెలైన్ ఎక్కిచ్చుకొని వచ్చుడు, వచ్చి మళ్ల అవే నీళ్లు తాగుడు. ఎందుకిట్ల అయితున్నదని మా ఊర్లె సూదులేసే సర్కారు నర్సమ్మను అడిగినోళ్లు లేరు. పుస్తకం చూసే స్వామిని మాత్రం కారు పెట్టి తోలుకొచ్చిండ్రు. ఆయన గుడిల కూసొని వేళ్లు లెక్కపెట్టి, దక్షిణం దిక్కు ఒంటరి ఆడిది మంత్రాలు చేసింది అన్నడు. మా ఊర్లె దక్షిణం దిక్కు చివరి ఇల్లు ఒక్క ముసలామెది. మొగడు పోయిండు, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి పోతది, మిగిలిన రోజులు కూలికి పోతది. నా చేన్ల పత్తి ఏరి ఏరి ఆమె వేళ్లు, నా వేళ్లు ఒక్క తీరుగ అయినయి. ఆమె దిక్కు వేలు చూపెట్టేటందుకు ఒక్కటే సాక్ష్యం. అందరికి కడుపుల నొచ్చింది, ఆమెకు నొయ్యలే.

లీడరు తీర్పు చెప్పిండు. వచ్చే ఆదివారం పొద్దున ఇంటికొక ఆడామె తలకు స్నానం చేసి, తడిబట్టలతోని గుడి ముందట నిలబడి, నేను మంత్రాలు చెయ్యలే అని ప్రమాణం చెయ్యాలె. చెయ్యనోళ్లు ఊరు విడిచి పోవాలె. ఆదివారం పొద్దున ఆమె చర్చిల ఉంటదని ఆయనకు తెల్వదా? తెలిసే పెట్టిండు.

ఆమె మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూసోమంటె కూసోలే. గుడి ముందట ఒట్టు పెట్టనన్నది. మీ పాస్టరు ఏమన్నడని అడిగిన. ఒట్టు పెడితె పాపం అన్నడట, ఊర్లెకు సైతాను వచ్చింది కాబట్టి మూడొద్దులు ఉపాసం ఉండుమన్నడట. గంతే. స్వామి మంత్రమన్నడు, ఈయన సైతానన్నడు, ఇద్దరికి ఇద్దరు సరిపోయిండ్రు. పోయేటప్పుడు ఆమె తిరిగి చూసి ఒక మాట అడిగింది.

"నీ కడుపు గూడ నొయ్యలే గదక్కా. నీ పేరు ఆ పుస్తకంల ఎందుకు రాలే?"

ఉన్న జవాబు చెప్పేటట్టు లేదు. నాకు భూములున్నయి, లీడరు నన్ను చిన్నమ్మా అంటడు. గా మాట ఆమెకు తెలిసే అడిగింది. నాకే సిగ్గయింది.

కని ఆ ప్రశ్న నన్ను పట్టుకున్నది. నిజంగ నాకెందుకు రాలే? మా కోడలు మంచంల ఉంది, మనుమరాలు ఆమె పక్కన ఉంది. ఒక్క పొయ్యి మీది బువ్వ, ఒక్క కుండ నీళ్లు. అట్లని నేననుకున్న. ఏం తేడా ఉన్నదో చూద్దామని వంటిల్లంత దులిపిన. బియ్యం సంచుల వెనుక, గోనెపట్టా కింద, తీర్థం క్యాన్. నాకు తెల్వకుంట తెప్పిచ్చుకొని తాగుతున్నరు. కోడలిని రెండు మాటలు అన్న, ఆ మాటలు ఇక్కడ రాయను. మూత తీసి వాసన చూసిన. ఎన్నో ఏండ్లు బర్లను సాదిన ముక్కు ఇది. పులిసిన పాల వాసన.

క్యాన్ పట్టుకొని నర్సమ్మ దగ్గరికి పోయిన. ఆమె చూసింది, వాసన పట్టింది, తలుపు దగ్గరికేసింది. ఈ నీళ్లు తాగొద్దు, బోరింగు నీళ్లు గూడ మసలబెట్టి తాగుండ్రి అన్నది. ఇదే మాట ఊరందరికి చెప్పరాదు అంటే, నా పేరు బయటికి రానియ్యకు అవ్వా, బదిలీ చేపిస్తడు అన్నది. చదువుకున్నామె, జీతం తీసుకునేటామె, నా అసొంటి మూడో తరగతి దాని చెవుల గుసగుసలాడుతున్నది. కోపం వచ్చింది. తర్వాత ఆమె చిన్న పిల్లలు యాదికొచ్చి ఊకున్న.

ఆదివారం వచ్చింది. ఆడోళ్లందరు తడిచీరెలతోని వణుక్కుంట వరుస కట్టిండ్రు. లీడరు ఇంటి పెద్దదాన్నని మొదటి ప్రమాణం నాది. నేను పొడి చీరెతోని పోయిన, చంకల క్యాన్ పెట్టుకొని.

"తానం చెయ్యలేదేంది చిన్నమ్మా?"

"పొద్దుగాలనే చేసిన. తడిబట్టలు ఎందుకు? నాకు సర్ది పడతది."

కొంతమంది నవ్విండ్రు. నేను నవ్వలే. కొత్త కోడలిగ ఉన్నప్పుడు మా అత్త చెవి కమ్మ పోతే నాతోని గిట్లనే తడిబట్టల ఒట్టు పెట్టిచ్చిన సంగతి చెప్పిన. నాకు వారం దినాలు జ్వరం. కమ్మ పెండకుప్పల దొరికింది. దేవుడు ఒట్టు విన్నడో లేదో తెల్వది, బర్రె మాత్రం దొంగగ బయటపడ్డది అన్న. ఆమాటకు తడిచీరెల ఆడోళ్లు సుత నవ్విండ్రు.

అప్పుడు ఒక్కొక్కరిని అడుగుకుంట పోయిన. మీ ఇంట్ల పడ్డదెవరు, ఏం నీళ్లు తాగిండ్రు? క్యాన్ నీళ్లు. నీ ఇంట్ల? క్యాన్. లీడరుతోని పంచాయితి పెట్టుకొని క్యాన్లు బందైన ఇండ్లు ఉన్నయి. అండ్ల ఎవరు పడ్డరు? ఎవరు పడలే. దక్షిణం దిక్కు ఇంటామె గూడ గుడి తీర్థం ముట్టది, నా లెక్కనే బోరింగు నీళ్లు తాగుతది అన్న. ఆడోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. గింత లెక్క చూడనీకి పుస్తకం అక్కర లేదు.

లీడరు మొకం ఎర్రగైంది. "దేవుని నీళ్లను అనుమానం పడుతున్నవా? ఏ పార్టోళ్లు నేర్పిండ్రు నీకు?"

"పాలగిన్నె నేర్పింది బిడ్డా. ఒక్కపూట కడగకుంటే గిన్నె ఏమైతదో ఈ నిలబడ్డ ఆడోళ్లందరికి ఎరుకే. నీ ట్యాంకి ఎన్ని శనివారాలాయె కడగక?"

క్యాన్ మూత తీసి గ్లాసుల వంపి ఆయన చేతికిచ్చిన. తీర్థమే గద, తాగుమన్న. ఇయ్యాల ఒక్కపొద్దు, ఉపాసమున్న అన్నడు. ఒక్కపొద్దుల తీర్థం తాగొచ్చు గదన్నా అని వెనుక నుంచి ఒక పిల్ల అన్నది. ఆయన గ్లాసు కింద పెట్టి, స్వామి దిక్కు చూసిండు. స్వామి చెప్పులు వేసుకుంటున్నడు. వరుసల ముందున్నామె చీరె కొంగు పిండుకొని ఇంటికి నడిచింది. ఆమె వెనుక ఇంకొకామె. ప్రమాణం అంతటితోనే ఆగింది.

నా మాటకు కండ్లు తెరిచిండ్రని అనుకునేరు. తెల్లారి ట్యాంకిని సున్నం పెట్టి కడిగిచ్చిండు, చప్పుడు చెయ్యకుంట. అదే దినం ప్లాంట్ ముందట పెద్ద హోమం చేపిచ్చిండు, డప్పులతోని. నాలుగొద్దులకు రోగం తగ్గింది. హోమంతోని ఊరు బాగుపడ్డదని గుడి ముందట ఫ్లెక్సీ కట్టిండ్రు. బాగైనోళ్లే దానికి దండలు వేసిండ్రు. ట్యాంకి కడిగిన జీతగానికి మాత్రం ఒక్కడు చాయ పొయ్యలే.

ఆ ముసలామె ఇంటి దిక్కు ఎవరు పోలే. కొన్నొద్దులకు లీడరు నన్ను పిలిచి, పెద్ద మనసు చేసుకున్నట్టు చెప్పిండు. ఆమెను ఊర్లె ఉండుమను, మాఫ్ చేసినం అన్నడు. చేన్ల పత్తి ఏరుకుంట ఆ మాట ఆమెకు చెప్పిన. ఆమె సాలు విడిచి నిలబడ్డది. ఒళ్లె ఉన్న పత్తి సంచిల నూకింది.

"నేనేం చేసిన్నని మాఫ్? అది వద్దని చెప్పక్కా. ఇల్లు నాది. నేనుంట."

పొద్దుమీక లీడరింటికి పోయి, వాకిట్ల పదిమంది ముందట ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి వచ్చిన.