స్టవ్ వెలిగించొద్దన్నందుకు సున్నా మార్కులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక జూన్ నెలలో, పద్మారావు నగర్‌లోని కాల్‌సెంటర్‌లో స్పానిష్ ట్రైనర్‌గా చేరాను. హోదా సీనియర్ ట్రైనర్. నా కింద జూనియర్ ఎవరూ లేరు. మెక్సికోలో గ్యాస్ స్టవ్‌లు అమ్మే కంపెనీకి వచ్చే ఫోన్లు మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు ఎత్తాలి. పన్నెండు వారాల్లో వాళ్లను స్పానిష్ మాట్లాడేటట్టు చెయ్యడం నా పని.

మొదటి వారమే మా ఆపరేషన్స్ మేనేజర్ సిలబస్ తెప్పించుకుని, 'చెయ్యకండి' అని చెప్పే పాఠం కొట్టేశాడు. కస్టమర్‌కు 'నో' అనకూడదట, అది పాలసీ అట. ఆయనకు స్పానిష్‌లో వచ్చిన మాట, పలకరింపుగా అనే 'ఓలా' ఒక్కటే. అదీ, పలక్కూడని 'హ' పలికి, 'హోలా' అనేవాడు.

నిజానికది అరగంట పాఠం. మర్యాదగా వద్దనాలంటే, 'అర్'తో ముగిసే క్రియకు చివర 'ఎ' వస్తుంది. 'ఎర్', 'ఇర్'లతో ముగిసేవాటికి 'అ'. ముందు 'నో' పెడితే సరి. ఉసార్ అంటే వాడడం, 'నో ఉసె' అంటే వాడకండి. ప్రెందేర్ అంటే వెలిగించడం, 'నో ప్రెందా' అంటే వెలిగించకండి. అబ్రీర్ అంటే తెరవడం, 'నో అబ్రా'. దారి తప్పని క్రియలన్నీ ఇంతే. టీ విరామంలో చెప్పేశాను. ఎవరి అనుమతీ అడగలేదు.

సెప్టెంబరుకి పిల్లలు ఫోన్లు ఎత్తుతున్నారు. వాళ్లలో సుజాతది చిలకలగూడ. తండ్రి చర్చి స్కూల్లో టీచరు. నాలుగు ఇంటర్వ్యూలు పోయాక దొరికిన ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్. ఒక పొద్దున ఒకావిడ ఫోన్ చేసి, వంటింట్లో గ్యాస్ వాసన వస్తోంది, స్టవ్ వెలిగించి చూడనా అని అడిగింది. సుజాత స్క్రిప్టు పక్కన పడేసి, 'నో ప్రెందా' అని మూడుసార్లు గట్టిగా చెప్పి, ఆవిడను బయటికి పంపింది.

క్వాలిటీ విభాగం ఆ కాల్ విని సున్నా వేసింది. సున్నాను మా భాషలో 'ఫేటల్' అంటారు. ప్రొబేషన్‌లో ఒక్క ఫేటల్ పడితే ఇంటికే.

"నో అనద్దన్నరు, నాకు తెల్సు మేడమ్" అంది సుజాత. "మరి ఇల్లు కాలుతదని నవ్వుకుంట చెప్పాల్నా?"

ఆ కాల్‌ను కాలిబ్రేషన్‌లో పెట్టాల్సిందేనని పట్టుబట్టాను. కాలిబ్రేషన్ అంటే వారానికోసారి క్లయింటు మనిషీ మేమూ ఒకే కాల్ విని మార్కులు సరిచూసుకునే మీటింగు. క్లయింటు తరఫున మెక్సికో నుంచి లైన్లో ఉన్నావిడ చివరిదాకా విని, మరి ఏమనాల్సింది అని అడిగింది. మేనేజర్ తాను ఆమోదించిన వాక్యం నా చేతే చదివించాడు. స్టవ్‌ను ఆర్పి ఉంచడంలో మీ అమూల్యమైన సహకారానికి మా కంపెనీ తరఫున కృతజ్ఞతలు అని దాని భావం. అది పూర్తయ్యేలోపు సగం అగ్గిపెట్టె గీసెయ్యొచ్చు.

అది విని ఆవిడ, ఆ అమ్మాయి చెప్పిందే స్క్రిప్టులో రాసి పెట్టండి అంది.

"మనం ఎప్పుడూ ఫ్లెక్సిబులే కదండీ మేడమ్" అన్నాడు మేనేజర్ నాతో.

సున్నా తీసేశారనుకుంటున్నారేమో. సిస్టమ్‌లో ఒకసారి ఎక్కింది తియ్యడం కుదరదన్నారు. సుజాత ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించి, అప్పుడు ఖాయం చేశారు. నా పాఠానికి 'భద్రతా సంభాషణ' అని పేరు పెట్టి, తయారుచేసినవారు అన్నచోట మేనేజర్ తన పేరు వేసుకున్నాడు.

మర్యాదను మార్కుల్లో కొలిచేవాళ్లకు ఫోన్లో అవతలి మనిషి వినపడదని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ పలకరింపులకన్నా ముందు వద్దనడమే నేర్పాను. వాళ్లకది నోట పట్టాకే సిలబస్ పంచాను.